ఖాయమేనా?

మా మేనల్లుడు వాసుదేవ్ పనిచేసిన కంపెనీ పేరు నేను చెప్పను. చెబితే మా బావ కేశవులు మళ్ళీ మొదలుపెడతాడు. ఆయన మొదలుపెడితే మైదుకూరు బజారులో ఆ పూట ఎవరికీ బేరాలుండవు. చాలా పెద్ద కంపెనీ అని మాత్రం అనుకోండి. ఎంత పెద్దదంటే, లోపల ఏం జరుగుతోందో లోపలున్నవాళ్ళకే తెలియదు.

మా బావది బట్టల అంగడి. దానికి సరిగ్గా ఎదురుగా నాది జెరాక్సు అంగడి. మిషను పక్కన కూర్చుంటే వాళ్ళ అంగడి మొత్తం నాకు కనపడుతుంది. గల్లాపెట్టె దగ్గర మా బావ, తెల్లగుడ్డ పరిచిన పరుపు, పరుపు మధ్యలో స్తంభం, ఆ స్తంభానికి ఆనుకొని బొజ్జన్న. బొజ్జన్న అక్కడ గుమాస్తా. వాసుదేవ్ పుట్టకముందు నుంచీ ఉన్నాడు. గొప్ప పనిమంతుడు అనుకునేరు, అదేమీ లేదు. ఎర్ర చీర అడిగితే వంకాయరంగు తీస్తాడు. పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళతో వరుసలు కలిపి, వాళ్ళ చిన్నాయన పొలం తగాదా ఆసాంతం విని, ధర చెప్పడం మరచిపోతాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాడంటే స్తంభం పక్కన గురకే. ఒక్క విషయంలో మాత్రం గట్టివాడు. తానులోంచి గుడ్డ చింపే ముందు కత్తెర పైకెత్తి పట్టుకొని అడుగుతాడు.

"ఖాయమేనామ్మా? ఒగసారి చింపితే మళ్ళా అతకదు."

అడగకుండా చింపడం నేను చూడలేదు. ఆ ఒక్కమాటతో మనసు మార్చుకొని లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు మా బావ పళ్ళు నూరే చప్పుడు నా మిషను చప్పుడులో కూడా వినపడేది.

సరే, మా వాడి సంగతికి వస్తాను. వాసుదేవ్ కర్నూల్లో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఆ కంపెనీలో చేరాడు. చేరినరోజే ఫోను చేసి తండ్రికి ఒక మాట చెప్పాడు. అదే కొంప ముంచింది.

"నాయనా, జీతం గాక షేర్లు గూడా ఇస్తారంట."

మా బావకు షేరంటే ఒకటే అర్థం, భాగం. భాగం ఉన్నవాడు భాగస్తుడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ప్రొద్దుటూరాయనతో భాగం పెట్టుకొని వ్యాపారం చేశాడు. విడిపోవాల్సి వచ్చినప్పుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకొని, చెప్పాల్సింది ముఖాముఖి చెప్పుకొని, ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఒకే విస్తట్లో భోంచేసినంత పనిచేసి విడిపోయారు. ఆయన దృష్టిలో భాగమంటే అదీ. మరునాటికల్లా కేశవులు కొడుకు కంపెనీలో భాగస్తుడయ్యాడని ఊరంతా తెలిసిపోయింది.

"బావా, షేరంటే అది కాదు. కొంచెం కొంచెంగా చేతికిస్తారంట. మధ్యలో బయటికొస్తే మిగతావి రావంట," అని నాకు తెలిసింది చెప్పాను.

"నీకేం తెల్సప్పా శివన్నా, జెరాక్సులు తీసుకునేటోనివి," అన్నాడు.

ఏం చేస్తాం, నిజమే కదా. ఆ ఏడాది మేడ మీద గదులు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నారు. కార్డులో పిల్లవాడి పేరు కింద "భాగస్తులు, ఫలానా కంపెనీ, హైదరాబాదు" అని వేయించాడు. ప్రూఫు దిద్దింది ఈ జెరాక్సులు తీసుకునేవాడే.

ముందు లాభాలు చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. అక్కడ తిండికి డబ్బు తీసుకోరు. ఆకలి వేసినా తినొచ్చు, వేయకపోయినా తినొచ్చు. దోసె పోసేవాడికి కూడా తెల్లటోపీ. కూర్చుంటే మనిషిని నడుందాకా మింగేసే సంచులు ఉన్నాయట, కుర్చీ ఉండగా వాటిలో ఎందుకు కూర్చుంటారో మాత్రం వాసుదేవ్ చెప్పలేకపోయాడు. మనసు బాగోకపోతే మాట్లాడటానికి ఒక మనిషి. మనసు ఎందుకు బాగోదో తెలుసుకోవడానికి ఇంకో మనిషి. పగలు పడుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది. ఈ చివరి సంగతి వినగానే బొజ్జన్న లేచి కూర్చున్నాడు.

"ఏందబ్బయ్యా, నిద్రపోతే గూడా జీతమిస్తారా? నేను ఈడ ఇంతకాలం శెట్టికి భయపడి ఒక కన్ను తెరిచి పండుకుంటాండా గదా!"

ఒక్క సంగతి మాత్రం ఎగతాళి లేకుండా చెబుతాను. మా అక్క అనసూయమ్మ, అంటే వాసుదేవ్ తల్లి, గుండెజబ్బుతో మంచాన పడింది. కర్నూలు డాక్టర్లు హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అక్కడ పెద్దాసుపత్రిలో వాడు కంపెనీవాళ్ళిచ్చిన బీమా కార్డు ఒకటి తీసి చూపించాడు, అంతే, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఈరోజు మా అక్క తన కాళ్ళ మీద నడిచివచ్చి నన్ను తిట్టిపోతోందంటే ఆ కార్డు చలవే. కంపెనీని ఎన్ని మాటలన్నా ఆ కార్డు గుర్తొస్తే నా నోరు తగ్గుతుంది.

ఇక టీషర్టులు. ఉద్యోగుల ఇంటివాళ్ళందరినీ ఒకరోజు కంపెనీకి పిలిచి, తిప్పి చూపించి, భోజనం పెట్టి, టీషర్టులు పంచారు. వాటి మీద తెలుగులోనే "మనమంతా ఒకే కుటుంబం" అని ఉంది. మా బావ నాలుగు ఎక్కువ అడిగి తెచ్చాడు. నాకిచ్చింది బిగుతైంది. బొజ్జన్నకిచ్చింది వదులైంది, ఆయన దాన్ని మడతపెట్టి పెళ్ళిళ్ళకు దాచుకున్నాడు.

ఇన్ని మర్యాదలు చేస్తున్నారు కదా, మరి వీడు చేసే పనేమిటి? నేనొకసారి ఉండబట్టలేక అడిగాను.

"మామా, ఫోన్లో ఫొటోనో మెసేజో తీసేస్తాంటే ముందు ఒక పెట్టె వచ్చి అడుగుతాది గదా, నిజంగా తీసేయాల్నా అని? ఆ పెట్టె మా టీముది."

"పెట్టె అంతా నీదేనా?"

"కాదు మామా. దాంట్లో తెలుగు ప్రశ్న. కింద అవును, కాదు అని రెండు బటన్లు."

ఆ ప్రశ్న మీద మూడు దేశాలవాళ్ళు నెలల తరబడి మీటింగులు పెట్టుకున్నారు. ఒకరు "నిశ్చయమేనా" అన్నారు. ఇంకొకరు "మీరు ఖచ్చితంగా ఉన్నారా" అన్నారు. ఖచ్చితంగా ఉండక ఎక్కడికి పోతాం? తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళే ఎక్కువ వాదించారట. చివరికి మా వాడు బొజ్జన్న మాట పట్టుకెళ్ళి అక్కడ నిలబెట్టాడు. "ఖాయమేనా?" అన్నది గెలిచింది. మెచ్చుకొని గాజుబిళ్ళ ఒకటి చేతిలో పెట్టారు. మా బావ దాన్ని అంగట్లో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టి రోజూ దానికి కూడా ఊదుకడ్డీలు వెలిగించేవాడు. బొజ్జన్న సంతోషం మాత్రం చూడాల్సిందే.

"నా మాటనా? అందరి ఫోన్లలోనా?" అంటూ బట్టలకు వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ లాక్కొని చూపించేవాడు. అలా చూపిస్తూ చూపిస్తూ ఒకామె మనవడి ఫొటోకు "అవును" నొక్కేశాడు. ఆమె ఆ తర్వాత మా బావ అంగడి గడప తొక్కలేదు.

నష్టాలంటారా, అవి అంత తొందరగా కనపడవు. ఇంటికొచ్చినా వాడు లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకొనే అన్నం తినేవాడు. మా అక్క వడ్డించింది ఏ కూరో అడిగితే చెప్పలేడు. ఏడాదికోసారి మార్కులు వేస్తారు. "నువ్వు బాగా చేశావు, కానీ అందరూ బాగా చేశారు గనుక నువ్వు మామూలుగా చేసినట్టు" అన్నారట. ఆ వాక్యాన్ని వాడు నాకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నాకు అర్థం కాలేదు, వాడికైనా అర్థమైందని నేననుకోను.

ఒకరోజు పొద్దున్నే వాడి లాప్‌టాపు తెరుచుకోలేదు. మెడలో వేసుకునే కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. ఫోనుకు ఒక మెయిలు వచ్చింది. "మీరు మా కుటుంబంలో ఒకరు. మీ ప్రయాణానికి కృతజ్ఞతలు. మీ స్థానం ఈరోజు నుంచి ఉండదు." మేనేజరుకు ఫోను చేస్తే, పాపం ఆయనకూ అదే మెయిలు వచ్చి ఉంది.

మా అక్క ఏడ్చింది. మా బావ ఏడవలేదు, అంగడి ముందర జనం పోగయ్యేలా మండిపడ్డాడు.

"భాగస్తుని తీసేస్తారా! కూర్చోబెట్టి మాట్లాడకుండా, పెద్దమనుషులు లేకుండా! పైగా కుటుంబమని వాళ్ళే రాసినారు. కుటుంబంలోంచి పొమ్మనాలంటే పంపకం చెయ్యాల. నడువప్పా శివన్నా!"

"బావా, నా మాట విను..."

"నువ్వు పెద్దమనిషివా కాదా?"

అంతమంది ముందర కాదని ఎలా అంటాను? మా బావ, నేను, ఉల్లిగడ్డల వ్యాపారి రంగన్న, ముగ్గురం కర్నూలు మీదుగా హైదరాబాదు బస్సెక్కాం. వాసుదేవ్ రావద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మాట వినగానే మా వైపు మనిషే అని తేలింది. కోడుమూరాయన, లేవి అని, మంచివాడు. నీళ్ళిచ్చి నీడన కూర్చోబెట్టాడు.

"ఎవర్ని కలవాల పెద్దాయనా?"

"యజమానిని," అన్నాడు మా బావ.

"యజమాని అంటే ఈడ ఎవురూ ఉండరు."

"పోనీ, మావాణ్ణి తీసేసింది ఎవరో ఆయన్ని పిలువు."

"అది ఎవురికీ తెలీదు పెద్దాయనా. నేను ఇన్నేండ్లుగా ఈడనే నిలబడుకోని ఉండా, తీసేసినాయన్ని ఒక్కసారి గూడా సూడలేదు. పోయేటోళ్ళనే సూస్తాండా."

రంగన్న వచ్చినందుకు అక్కడి ఉల్లిగడ్డల ధర కనుక్కున్నాడు. మా బావ గేటు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకపోవడం నేను మొదటిసారి చూశాను, నాకు బాధేసింది.

వాసుదేవ్ మైదుకూరు చేరాడు. వేరే కంపెనీలకు అర్జీలు పెట్టుకుంటూ, ఊరికే ఉండలేక అంగట్లో కూర్చున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. కంపెనీ వాణ్ణి వదిలేసింది గానీ వాడు కంపెనీని వదల్లేదు. రోజూ పొద్దున నిలబడే మీటింగు అన్నాడు. అందరూ నిలబడి నిన్న ఏం చేశారో, ఈరోజు ఏం చేస్తారో చెప్పాలట. ఉన్నదే ముగ్గురు. బొజ్జన్నకు మోకాళ్ళు పోయి కాలమైంది.

"నిన్న చీరలు మడిసినా. ఈపొద్దు గూడా అవే మడుస్తా. ఇంగ కూర్చోవచ్చునా అబ్బయ్యా?"

తర్వాత ఎన్ని చీరలు విప్పితే ఎన్ని అమ్ముడుపోయాయని లెక్కతీశాడు. లెక్కలో బొజ్జన్న అట్టడుగున తేలాడు, తేలడా మరి. ఆ తర్వాత వాడు అన్న మాటకు నా చేతిలో కాగితం జారి మిషనులో ఇరుక్కుంది.

"బొజ్జన్నా, ఇంగ మీదట చింపేముందు 'ఖాయమేనా' అని అడగొద్దు. దాంతోనే బేరాలు పోతాండాయి."

ఎవరయ్యా అంటున్నది? ఆ మాటకు గాజుబిళ్ళ తెచ్చుకున్నవాడు! బొజ్జన్న సరేనన్నాడు. మరుక్షణం వచ్చిన ఆమెకు రవికగుడ్డ చింపబోతూ కత్తెర పైకెత్తి, "ఖాయమేనామ్మా?" అన్నాడు. ఆమె "కాదులే" అని లేచి వెళ్ళిపోయింది.

వాసుదేవ్ బొజ్జన్న సంగతి తండ్రితో మాట్లాడాడు. ఆయన "నీ ఇష్టం, నాకు చెప్పి చెయ్యొద్దు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు కోసం హైదరాబాదు గేటు దాకా పోయిన మనిషి అంత సులువుగా పేపరు వెనక్కు పోతాడని నేననుకోలేదు.

మధ్యాహ్నం బొజ్జన్న నా అంగడికి వచ్చాడు. చేతిలో ఫోను.

"అబ్బయ్య ఏందో పంపినాడు శివన్నా. అద్దాలు ఇంట్లో పెట్టొస్తి. సదివి చెప్పు."

చదివాను. "బొజ్జన్నా, నువ్వు మా కుటుంబంలో ఒకడివి. నీ ప్రయాణానికి కృతజ్ఞతలు. నీ స్థానం రేపటి నుంచి ఉండదు." ఒక్క రోజు గడువిచ్చాడు, అంతవరకు కంపెనీకంటే నయం. ఎదురుగా, ఇరవై అడుగులు లేని దూరంలో, వాసుదేవ్ స్తంభం పక్కనే కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. లేచి వచ్చి చెప్పలేకపోయాడు! నాకు ఒళ్ళు మండింది.

బొజ్జన్న ఫోను వెనక్కి తీసుకోకుండా నా స్టూలు మీద కూర్చున్నాడు. ఇంట్లో ఆయన, ఆయన భార్య, అంతే. ఆ వయసులో ఆ మోకాళ్ళతో ఆ నిద్రతో ఆయన్ని ఇంకో అంగడివాడు గడప తొక్కనివ్వడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"కుటుంబం అని రాసినాడా?" అన్నాడు ఫోను వైపు వంగి.

"రాసినాడు."

"సరిగ్గా సూడు శివన్నా. ఆ మాటనే ఉండాదా?"

"ఆ మాటనే ఉండాది."

"అయితే పొద్దున నువ్వూ రంగన్నా రాండి. పెద్దమనుషులు లేకుండా పంపకం కాదని శెట్టే గదా అనింది."

మరునాడు అంగడి తెరవకముందే ఇద్దరం పోయి పరుపు మీద కూర్చున్నాం. బొజ్జన్న వచ్చాడు. పెళ్ళిళ్ళకు దాచుకున్న టీషర్టు తొడుక్కొని వచ్చాడు. ఇస్త్రీ కూడా చేయించాడు. "మనమంతా ఒకే కుటుంబం" అన్న అక్షరాలు ఆయన పొట్ట మీద తళతళమంటున్నాయి. రంగన్న నవ్వబోయి, దగ్గి, ఊరుకున్నాడు.

"ఏందప్పా ఈ యేషం?" అన్నాడు మా బావ.

"యేషం కాదు శెట్టీ. నేను పనోన్ని అయితే, నీతో పని లేదు పోరా అని నా మొగాన ఒక్క మాట చెప్పు. దండం పెట్టి పోతా. కుటుంబమంటే నా భాగం నాకు పెట్టు. రెండిట్లో ఏదో ఒగటి నువ్వే చెప్పు, ఫోను గాదు."

"పనిచేసేటోనికి భాగమేందిరా!"

"షేరంటే భాగమని ఊరందరికీ చెప్పింది నువ్వే గదా శెట్టీ. ఆ కంపెనీలో అబ్బయ్య పని చెయ్యకుండానే భాగస్తుడు అయినాడా?"

మా బావ గల్లాపెట్టె మూత తెరిచి మళ్ళీ మూశాడు. నన్ను చూశాడు. నేను సీలింగు ఫాను చూశాను.

"ఏం భాగం అడుగుతాండావు?" అన్నాడు రంగన్న, పెద్దమనిషిగా వచ్చినందుకు ఏదో ఒకటి అడగాలని.

బొజ్జన్న స్తంభాన్ని చూపించాడు. ఆయన వీపు రాసుకొని రాసుకొని అక్కడ సున్నం పోయి నున్నగా మెరుస్తోంది. "ఆ జాగా. ఇంగేం వద్దు."

తర్వాత వాసుదేవ్ వైపు తిరిగాడు.

"నీ అరచెయ్యి అంత రవికగుడ్డ చింపేముందు గూడా నేను అడుగుతా గదబ్బయ్యా, ఖాయమేనా అని. నువ్వు నా మాటను యాడికో తీసకపోయి ఊరందరి ఫోన్లలో పెట్టినావు. ఫొటో తీసేయాలంటే అడుగుతాండారు. మనిషిని తీసేసేటప్పుడు నన్ను ఒక్క మాట అడగకపోతివే నాయనా."

వాసుదేవ్ తల పైకెత్తలేదు. కంపెనీ మెయిలు వచ్చిన రోజున కూడా ఏడవనివాడు పరుపు మీద చీరల మధ్య కూర్చొని ఏడ్చాడు. "నన్ను గూడా ఎవురూ అడగలేదు బొజ్జన్నా," అన్నాడు. బొజ్జన్న దగ్గరికి జరిగి, చిన్నప్పుడు ఎత్తుకొని నిమిరినట్టే వాడి వీపు నిమిరాడు. మా బావ గాజుబిళ్ళ తుడుస్తున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు.

"పంపకం ఇష్టం లేకపోతే ఉమ్మడిగానే ఉండండి," అని తీర్పు చెప్పేసి నేను లేచాను. జీవితంలో నేను చెప్పిన తీర్పు అదొక్కటే.

వేసవి వెళ్ళాక వాసుదేవ్‌కు ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇది మొదటిదానికంటే కూడా పెద్దదట. తిండి, కార్డు, మనిషిని మింగే సంచులు అన్నీ ఉన్నాయట. షేర్లు కూడా ఇస్తారని వాడు చెబితే మా బావ గభాలున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాట ఎత్తొద్దు నాయనా. ఈతూరి కుటుంబమా, కూలిపనా అని ముందే కనుక్కో. కుటుంబమంటే పెద్దమనుషుల పేర్లు అడిగి పెట్టుకో."

ప్రయాణం నాటి మధ్యాహ్నం వాడు బస్సుకు బయలుదేరుతూ అంగట్లోకి వచ్చాడు. తల్లికీ తండ్రికీ దండం పెట్టాడు. బొజ్జన్న భోజనం చేసి తన భాగంలో, అంటే స్తంభం పక్కన, గురక పెడుతున్నాడు. ఇప్పుడు రెండు కళ్ళూ మూసుకొనే పడుకుంటాడు.

"పోయొస్తా బొజ్జన్నా," అన్నాడు వాడు మెల్లగా.

బొజ్జన్న ఒక కన్ను తెరిచాడు. నిద్రమత్తులో కొనేవాళ్ళెవరో అనుకున్నాడో, నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఖాయమేనా?"

ఆ ప్రశ్న కింద అవును, కాదు అని రెండు బటన్లు పెట్టి జీతం తెచ్చుకున్నవాడు, రెండిట్లో ఏదీ చెప్పలేక గడప దగ్గర చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. బస్సు టైమైపోతోందని నేనే వాడి సంచి అందుకున్నాను.